మారుతి స్విఫ్ట్ కారుకి 15 అంగుళాల చక్రాలా, 16 అంగుళాలవా?

పై వేరియంట్లకి కంపెనీ టైరు 185/65 ఆర్15 (వెడల్పు 185 మిల్లీమీటర్లు, పక్క రబ్బరు ఎత్తు అందులో 65 శాతం, రిమ్ము 15 అంగుళాలు). మార్చాలనుకునేవాళ్లు ఎక్కువగా చూసేది 195/55 ఆర్16. రెండిటి మొత్తం ఎత్తూ దాదాపు 621 మిల్లీమీటర్లే, కాబట్టి స్పీడోమీటర్ తప్పు చూపించదు. కారు కూడా ఎత్తు పెరగదు. చాలామంది పెరుగుతుందనే అనుకుంటారు.

తేడా అంతా పక్క రబ్బరులో ఉంది. 15కి 120 మిల్లీమీటర్లు, 16కి 107. కోనసీమ కాలవ గట్ల మీద, కోతల కాలంలో ట్రాక్టర్లు చీల్చిన పంచాయతీ రోడ్ల మీద దెబ్బ కాచేది ఆ రబ్బరే. వాన నీటి కింద గొయ్యి కనపడదు. రబ్బరు తగ్గితే దెబ్బ నేరుగా రిమ్ముకే.

ఖర్చు: 15 అయితే టైర్లు చాలు. 16కి రిమ్ములూ కొనాలి.

పట్టు: మలుపుల్లో 16 మెరుగు, ఒప్పుకోవాల్సిందే.

బరువు: లోడ్ అంకె, అంటే టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే అంకె, తప్పకుండా చూడండి. 88 అంటే టైరుకి 560 కిలోలు, 87 అంటే 545. కంపెనీ అంకె కన్నా తక్కువది వద్దు, డిక్కీలో కొబ్బరికాయల బస్తాలు వేసేవాళ్లయితే అసలే వద్దు.

రావులపాలెం దగ్గర హైవే ఎక్కి రోజూ రాజమండ్రి వెళ్లొచ్చేవాళ్లకి 16 బాగుంటుంది. లంక ఊళ్లలో తిరిగే బండికి 15 ఉంచేయండి.