సెప్టిక్ ట్యాంక్ ట్రాక్టర్: లాగడంలో ఫస్ట్, పారబోయడంలో లాస్ట్

వరంగల్ చుట్టుపక్కల ఊళ్లలో కరెంటు స్తంభాల మీద, బస్ షెల్టర్ గోడల మీద పెయింట్‌తో "సెప్టిక్ ట్యాంక్ క్లీనింగ్" అని రాసి కింద ఫోన్ నంబర్ ఉంటుంది చూడండి, అలాంటి ఒక నంబర్‌కే మేమూ చేశాం. పేరు రాయట్లేదు, ఆ ఒక్క బండిని అని ఏం లాభం.

ముందు మంచి చెప్తా. పొద్దున ఫోన్ చేస్తే మధ్యాహ్నానికల్లా ట్రాక్టర్ వచ్చింది. మా గల్లీ ఇరుకు, బండి లోపలికి రాదు, అయినా పైపుకు పైపు తగిలించి పెరట్లోకి లాక్కొచ్చారు. మూత ఎత్తితే పైన తెట్టు అట్టలా గట్టిపడి ఉంది, దాన్ని పొడుగు కర్రతో పొడిచి, నీళ్లు పోసి బాగా కలియబెట్టాకే మోటర్ ఆన్ చేశారు. పైపైన నీళ్లు లాగేసి పైసలు పట్టుకుని పోయే రకం కాదు, అడుగు బురద దాకా లాగారు. కొంచెం బురద మాత్రం అడుగున ఉంచమన్నాను, కొత్తగా పడేదాన్ని కుళ్లబెట్టే బ్యాక్టీరియా అందులోనే ఉంటుంది కాబట్టి. దానికీ సరే అన్నారు.

ఇంకోటి, ఎవరూ లోపలికి దిగలేదు. మూలకు కొంచెం మిగిలిందని మా బాబాయి "దిగి గీకరాదు తమ్మీ" అంటే, "పానాలు పోతయ్ సార్, ఆ పని చెయ్యం" అని డ్రైవర్ మొహం మీదే చెప్పాడు. శభాష్. లోపల గ్యాస్‌కి మనిషి చూస్తుండగానే పడిపోతాడు, రక్షణ సామాను లేకుండా దింపడం, పాకీ పనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం కూడా.

ఇక అసలు సంగతి. "ఎక్కడ పోస్తరన్నా?" అంటే "చెల్కల పోస్తం, రైతే అడిగిండు" అన్నారు. అనుమానమొచ్చి బండి వెనకే వెళ్లి చూస్తే, చెల్క పక్కన ఒర్రెలో వాల్వ్ తిప్పేసి వదిలేస్తున్నారు! వానాకాలం ఆ ఒర్రె నీళ్లన్నీ మా చెరువులోకే. బర్లు తాగేది అక్కడే, చేపలు పట్టేదీ అక్కడే. ట్యాంకులో ఉన్నన్నాళ్లకే అదంతా శుభ్రమైపోదు, నులిపురుగుల గుడ్లు అలాగే బతికుంటాయి. నిజంగా చెల్కలో పోసినా పచ్చిది పోయకూడదు, ఆరబెట్టి కంపోస్ట్ చేస్తేనే ఎరువు. వరంగల్‌లో ఈ బురదను శుద్ధి చేయడానికే ప్లాంట్ ఉంది కదా అని ఓనర్‌కు ఫోన్ చేస్తే, "అంత దూరం పోతే డీజిల్‌కే సరిపోదు సార్" అన్నాడు. అదీ నిజమే కావచ్చు, కానీ ఆ ముక్క బేరమాడేటప్పుడే చెప్పి ఉంటే డీజిల్ ఖర్చు మేమే పెట్టుకునేవాళ్లం. ఊళ్లో అందరం పంపుకునేది ఆ ఒర్రెలోకే అయితే మరుగుదొడ్లు కట్టుకుని ఏం బాగుపడ్డట్టు?

కొత్తగా ఇల్లు కట్టేవాళ్లు జాగా ఉంటే, సెప్టిక్ ట్యాంక్ బదులు, బోరుకు దూరంగా మరుగుదొడ్డికి రెండు గుంతల పద్ధతి పెట్టుకోండి. ఒకటి నిండితే రెండోదానికి తిప్పి, మొదటిదాన్ని ఏడాది, ఏడాదిన్నర మూసి ఉంచితే లోపలిది మట్టిలా పొడిపొడిగా అవుతుంది, ఈ బండ్ల గోలే ఉండదు. నీళ్లు పైపైనే తగిలే నేలలో మాత్రం వద్దు.

లాగే పనికి ఐదుకు ఐదు, పారబోతకు సున్నా. ప్లాంట్‌లో పోసి రసీదు తెచ్చి చూపించే బండి ఎవరికైనా తెలిస్తే కింద నంబర్ పెట్టండి, రెండు మూడేళ్లకు మళ్లీ అవసరం పడుతుంది.