కచిన్ సంచి: తొమ్మిదేళ్లు భుజాన వేసుకున్నాక

మా అమ్మ దీన్ని మొదటిసారి చూసి, "ఏరా, గంగిరెద్దుని ఆడించడానికి బయల్దేరావా?" అంది. అనదా మరి! ఎర్రటి బట్ట, దాని మీద వరసలుగా తెల్లటి లోహపు బొడిపెలు, వాటి కింద వేలాడే బిళ్లలు, అడుగున ఎర్ర కుచ్చులు. నడుస్తుంటే గలగల.

2016లో యాంగోన్‌లో ఒక మందుల కంపెనీలో పనిచేసేవాణ్ని. ఆఫీసు పని మీద ఉత్తర మయన్మార్‌లో కచిన్ రాష్ట్ర రాజధాని మిచ్చీనా వెళ్లినప్పుడు, ఐరావతి ఒడ్డున ఉన్న మార్కెట్లో రెండు సంచులు కొన్నాను. ఒకటి ఈ బొడిపెల సంచి, రెండోది అదే నేతలో సాదాది. కచిన్‌లు మాట్లాడే జింగ్‌ఫో భాషలో సంచిని న్‌ఫ్యే అంటారు. జనవరి 10, కచిన్ రాష్ట్ర దినం నాడు ఆ ఊళ్లో మనావ్ అనే సామూహిక నృత్యం ఆడతారు. మగవాళ్లు చేతిలో కత్తితో, భుజాన ఈ సంచితో పెద్ద పెద్ద మనావ్ స్తంభాల చుట్టూ వరసకట్టి ఆడతారు. అంటే ఇది వాళ్లకు పండగ సింగారం. నేనేమో అందులో టిఫిన్ డబ్బా, గొడుగు, ఫైళ్లు కుక్కాను. కింద చెప్పబోయే కంప్లయింట్లలో సగం నా తప్పే.

ముందు నేత సంగతి. మన గుంట మగ్గం లాంటిది కాదు. పడుగు (నిలువు దారాలు) ఒక కొస గోడకో గుంజకో కట్టి, రెండో కొసను నేసే ఆవిడ పట్టీతో తన నడుముకు బిగించుకుంటుంది. కాళ్లు చాపుకుని వెనక్కి వాలితే పడుగు బిగుస్తుంది, ముందుకు వంగితే వదులవుతుంది. మనిషి నడుమే మగ్గంలో సగం కాబట్టి బట్ట పన్నా తక్కువే వస్తుంది, సంచికి అది చాలు. ముందువైపు వజ్రాల్లా కనిపించే బొమ్మలను అందరూ ఎంబ్రాయిడరీ అనుకుంటారు, కాదు. మామూలు పేకతోపాటు (అడ్డదారం) రంగు దారాన్ని అదనంగా చేత్తో ఎక్కిస్తూ నేస్తారు. తొమ్మిదేళ్లలో ఆ బొమ్మల్లో ఒక్క పోగు లేవలేదు. ఒకసారి ఆటో తలుపు కొక్కేనికి పట్టుకుని బర్రున లాగింది. నా చొక్కా చిరిగింది గానీ సంచికి ఏమీ కాలేదు.

బొడిపెల విషయంలో మాత్రం అంత మెచ్చుకోలేను. పాతకాలపువి అసలు వెండివి. నావి కావని అమ్మినావిడే చెప్పింది, మోసం లేదు. మొత్తం 32 ఉండేవి, ఇప్పుడు 21 ఉన్నాయి. వరస మొత్తాన్ని ఒకే దారంతో కుట్టారు, ఎక్కడో ఒకచోట తెగితే పక్కవన్నీ జారడం మొదలవుతుంది. దీనికి తోడు అమ్మ దసరాకి వెండి సామాన్లతోపాటు ఈ బిళ్లలకూ విభూతి పట్టించి తోమేసింది. పై పూత పోయి ఇత్తడి బయటపడింది. ఎయిర్‌పోర్టులో అయితే ప్రతిసారీ సంచి పక్కకు తీసి చూడాల్సిందే.

జిప్ ఉండదు. రద్దీ బస్సులో పర్సు అందులో పెట్టకండి. ల్యాప్‌టాప్ పట్టదు. పట్టీ పొడవు మార్చుకోలేం, పొట్టివాళ్లు ముడి వేసుకోవాల్సిందే. పైబట్ట ఎరుపు దిగలేదు. అది అక్రిలిక్ ఊలు, ఇప్పుడు చాలా సంచులకు అదే వాడుతున్నారు. కానీ లోపలి నల్ల లైనింగ్ యాంగోన్ వానకు తడిసి నా తెల్ల చొక్కాను మసిబట్ట చేసింది. కొనగానే విడిగా నీళ్లలో నానబెట్టి ఉంటే బాగుండేదేమో, బొడిపెలు చూసి భయపడ్డాను.

సాదాదాన్ని నేనింకా రోజూ వాడుతున్నాను. దాన్ని 12,000 చాట్‌లకు (మయన్మార్ కరెన్సీ) కొన్నాను, అప్పటి లెక్కలో మన డబ్బు ఏడు వందల లోపే. పట్టీ సంచి పక్కలకు కలిసేచోట నాలుగో ఏడు కుట్టు విడింది. చెప్పులు కుట్టే ఆయన మైనం పట్టించిన దారంతో రెండు వరసలు వేసి నలభై తీసుకున్నాడు. ఆ కుట్టు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. కొన్నరోజే అలా వేయించుకోవడం మంచిది.

2021 సైనిక తిరుగుబాటు తర్వాత మిచ్చీనా వెళ్లి కొనమని ఎవరికీ చెప్పలేను. ఈ కచిన్ జనమే చైనాలోని యునాన్‌లో జింగ్‌పోలు, మన అరుణాచల్, అస్సాంలలో సింగ్‌ఫోలు. అటువైపు వెళ్తే అడిగి చూడండి. ఎక్కడ కొన్నా సంచిని లోపలికి తిప్పి చూడండి, లైనింగ్ ఉంటే అంచు దగ్గర కాస్త ఎత్తి చూడండి. నేతబొమ్మ అయితే వెనక రంగు దారాలు పేకతోపాటు అడ్డంగా పాకి కనిపిస్తాయి. ఆ తర్వాత ఒక బొడిపెను గోరుతో పైకెత్తండి. పక్కది కూడా కదిలిందంటే, ఒక సూది, గట్టి దారం ఉండ కూడా కొనుక్కోండి.