నబుకోనా సౌత్ స్ట్రీమా, ఏది కట్టాల్సింది?

రెండూ యూరప్‌కి గ్యాస్ తేవాల్సిన పైప్‌లైన్లే, రెండూ కట్టలేదు, కానీ ఆగిన కారణాలు వేరు. నబుకో టర్కీ నుంచి ఆస్ట్రియా దాకా, ఏడాదికి 31 బిలియన్ క్యూబిక్ మీటర్లు, 2009లో అంకారాలో సంతకాలు కూడా అయ్యాయి, అయితే పైపు నింపేంత గ్యాస్ ఎవరిస్తారో తేలలేదు, ఇరాన్‌ది కుదరదు, తుర్క్‌మెనిస్తాన్‌ది రావాలంటే కాస్పియన్ సముద్రం దాటాలి, మిగిలింది అజర్‌బైజాన్‌లోని షా డెనిజ్ గ్యాస్ క్షేత్రం, దాన్ని నడిపేవాళ్లేమో 2013లో ఇటలీకెళ్లే TAP (ట్రాన్స్ అడ్రియాటిక్ పైప్‌లైన్)ని ఎంచుకున్నారు.

సౌత్ స్ట్రీమ్‌కి ఆ బెంగ లేదు, గ్యాస్ రష్యా ప్రభుత్వ కంపెనీ గాజ్‌ప్రోమ్‌దే, నల్లసముద్రం కింద నుంచి బల్గేరియాకి, ఏడాదికి 63 బిలియన్ క్యూబిక్ మీటర్లు. దానికి అడ్డు పడింది ఈయూ రూల్స్, పైగా ఉక్రెయిన్‌లోని క్రిమియాని రష్యా కలుపుకున్న గొడవ, 2014 డిసెంబర్‌లో పుతిన్ క్యాన్సిల్ చేసేశాడు.

నన్నడిగితే నబుకోనే కట్టాల్సింది, సౌత్ స్ట్రీమ్ వచ్చినా ఉక్రెయిన్‌ని తప్పించి అదే రష్యా గ్యాస్ తెచ్చేది.