బైక్ ఆయిల్ ఫిల్టర్: కంపెనీదా, బయటిదా, కడిగి వాడే స్టీల్‌దా? ఏది మేలు?

ఆయిల్ మార్చేటప్పుడు గ్రేడ్ ఏంటి, సింథటిక్ పోయించాలా మినరల్ చాలా అని అందరం తెగ ఆలోచిస్తాం, ఫిల్టర్ దగ్గరికొచ్చేసరికి మాత్రం మెకానిక్ చేతిలో ఏది ఉంటే అది పెట్టించుకుని వచ్చేస్తాం. ఎంత మంచి ఆయిల్ పోసినా అందులో తిరిగే చెత్తని పట్టేది ఆ చిన్న డబ్బానే కదా. ముందే నా అభిప్రాయం చెప్పేస్తా. పేరున్న ఫిల్టర్ కంపెనీ, మీ మోడల్‌కే అని నంబర్ ఇచ్చి అమ్ముతున్న పేపర్ ఫిల్టర్ అయితే అది బైక్ కంపెనీ పేరుతో వచ్చే ఫిల్టర్‌కి ఏమీ తీసిపోదు, నిశ్చింతగా వాడుకోవచ్చు. కాకపోతే "బయటి ఫిల్టర్" అనే ఒక్క మాట కిందే మంచివీ, స్టీల్ జాలీవీ, కారువీ, పేరూ ఊరూ లేనివీ అన్నీ కలిపేసి మాట్లాడుకుంటున్నాం, గొడవంతా అక్కడే వస్తోంది.

ముందు ఒక విషయం, బైక్‌లో ఫిల్టర్ పని కారులో కంటే కష్టం. మామూలుగా కారులో గేర్‌బాక్స్ ఆయిల్ వేరు ఇంజన్ ఆయిల్ వేరు, క్లచ్ పొడిగా ఉంటుంది. ఎక్కువ బైకుల్లో అలా కాదు, పిస్టన్, గేర్లు, క్లచ్ ప్లేట్లు అన్నీ ఒకే ఆయిల్‌లో తిరుగుతాయి, అంటే గేర్ పళ్ళు అరిగిన ఇనుప రజనూ, క్లచ్ ప్లేట్ల నుంచి ఊడిన పీచూ, ఇంజన్ మసీ అన్నీ ఆ ఒక్క ఫిల్టరే పట్టాలి. పైగా ఆయిల్ తక్కువ, ఆర్‌పీఎం ఎక్కువ, కొన్ని ఇంజన్లు 10,000 దాటి తిరుగుతాయి. కాబట్టి "ఫిల్టర్ ఏదైనా ఒకటే" అనే మాట కారు విషయంలో ఎంత నిజమో గానీ బైక్ విషయంలో అస్సలు కాదు.

సరే, లోపల ఏముంటుందో చూద్దాం, ఎందుకంటే పోల్చాల్సింది బయటి రంగూ, డబ్బా మీద బొమ్మా కాదు. మడతలు మడతలుగా ఉన్న పేపర్ ఒకటి, దానిలో మామూలు సెల్యులోజ్ (కాగితపు పీచు) ఉంటుంది, సింథటిక్ పీచు కలిపినవీ ఉంటాయి. తర్వాత బైపాస్ వాల్వ్. ఫిల్టర్ నిండిపోయినా, చలికి ఆయిల్ చిక్కబడి పేపర్‌లోంచి వెళ్ళలేకపోయినా ఈ వాల్వ్ తెరుచుకుని వడకట్టని ఆయిల్‌నే ఇంజన్‌కి పంపిస్తుంది, అసలు ఆయిల్ లేకుండా తిరగడం కంటే మురికి ఆయిల్‌తో తిరగడం నయం కాబట్టి. ఈ వాల్వ్ ఎంత ప్రెషర్ దగ్గర తెరుచుకోవాలో ఇంజన్ తయారుచేసినవాళ్ళు లెక్క కట్టి పెడతారు. స్ప్రింగ్ మరీ మెత్తగా ఉంటే ఊరికే తెరుచుకుని మురికంతా లోపలికి, మరీ గట్టిగా ఉంటే పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు ఆయిల్ అందడం ఆలస్యం. కొన్ని ఇంజన్లలో ఈ వాల్వ్ ఫిల్టర్‌లో కాకుండా ఇంజన్‌లోనే ఉంటుంది, అప్పుడు ఫిల్టర్ మీద ఆ భారం ఉండదు.

ఇంకొకటి, ఇంజన్ ఆపాక ఫిల్టర్‌లోని ఆయిల్ కిందికి జారిపోకుండా ఆపే రబ్బర్ వాల్వ్. నైట్రైల్ రబ్బర్‌వి వేడికి కాలక్రమేణా గట్టిపడిపోతాయి, సిలికాన్‌వి ఎక్కువ కాలం మెత్తగా ఉంటాయి. ఫిల్టర్ అడ్డంగా బిగించే బైకుల్లో ఇది చాలా ముఖ్యం, మూతి పైకి ఉండేలా నిలువుగా ఉంటే ఆయిల్ ఎలాగూ అందులోనే నిలుస్తుంది కాబట్టి అంత తేడా రాదు. మీ బైక్‌లో ఎలా ఉందో ఒకసారి వంగి చూసుకోండి.

మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) లెక్క గురించి కూడా చెప్పాలి, ఇక్కడే చాలామంది మోసపోతారు. డబ్బా మీద "10 మైక్రాన్" అని రాసి ఉంటే బ్రహ్మాండం అనుకుంటాం, కానీ ఆ సైజు కణాల్లో ఎన్నింటిని పడుతుందో చెప్పకపోతే ఆ అంకెకి అర్థం లేదు. ఫిల్టర్‌కి ముందు ఆ సైజు కణాలు ఎన్ని, దాటాక ఎన్ని అన్న నిష్పత్తిని బీటా రేషియో అంటారు. అది 2 అంటే ఆ సైజువి సగమే పడుతుంది, 75 అంటే 98.7 శాతం పడుతుంది, రెండింటి మీదా "10 మైక్రాన్" అనే రాసుకోవచ్చు! ఐఎస్ఓ 4548-12 అనే పరీక్ష ప్రకారం ఎంత శాతమో చెప్పే కంపెనీ ఉంటే దాన్ని నమ్మొచ్చు. మనిషి వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు, బేరింగ్‌లో ఆయిల్ పొర కొన్నిచోట్ల కొద్ది మైక్రాన్లే, అంటే కంటికి కనపడని రజనే అసలు అరగదీసేది.

ఇప్పుడు కంపెనీ ఫిల్టర్ సంగతి. దాని బలం ఒక్కటే, కానీ గట్టి బలం, బైపాస్ ప్రెషర్, గాస్కెట్ (ఆయిల్ కారకుండా ఆపే రబ్బర్ రింగు) సైజు, థ్రెడ్ (మర), ఎత్తు అన్నీ మీ ఇంజన్‌కి సరిపోయాయని ముందే తేలిపోయింది, మీరు బుర్ర పెట్టక్కర్లేదు. కొత్త బైక్ వారంటీలో ఉంటే నేనైతే ఇదే పెట్టమంటాను, వాదనలు పెట్టుకునే ఓపిక ఎవరికుంటుంది. అమెరికాలో అయితే 1975లో వచ్చిన మాగ్నసన్ మాస్ చట్టం ప్రకారం బయటి ఫిల్టర్ వాడినంత మాత్రాన వారంటీ రద్దు చెయ్యడానికి వీల్లేదు, మిగతాచోట్ల నిబంధనలు వేరే ఉండొచ్చు కాబట్టి వారంటీ పుస్తకం చదువుకోండి. ఇంతకీ చాలామందికి తట్టని సంగతి ఏంటంటే బైక్ కంపెనీలు మామూలుగా ఫిల్టర్లు సొంతంగా తయారు చెయ్యవు, సప్లయర్ల దగ్గర చేయించుకుని తమ పేరు వేసుకుంటాయి. కాబట్టి "కంపెనీది" అంటే అదేదో దైవ రహస్యం కాదు, సరైన కొలతలతో ఎవరో చేసిచ్చిన ఫిల్టరే.

అందుకే పేరున్న బయటి కంపెనీల ఫిల్టర్ల మీద నాకు అనుమానం లేదు. మాలే, బాష్ లాంటివాళ్ళు దశాబ్దాలుగా ఫిల్టర్లు చేస్తున్నారు. హైఫ్లోఫిల్ట్రో అనే బ్రాండ్ థాయిలాండ్‌లో తయారవుతుంది, జర్మనీ తనిఖీ సంస్థ టీయూవీ ఆమోదం ఉందని డబ్బా మీదే ఉంటుంది. హోండా, కవాసకి, యమహా బైకులు చాలావాటికి దీని 204 నంబరే సరిపోతుంది, కే అండ్ ఎన్ అనే ఇంకో ఫిల్టర్ కంపెనీ వాళ్ళదీ అదే 204, అంటే నంబర్ చూసి పోల్చుకోవడం తేలిక. కే అండ్ ఎన్ ఫిల్టర్ చివర 17 ఎంఎం నట్ అతికించి ఉంటుంది, సైలెన్సర్ పైపుల వెనక చెయ్యి దూరని చోట ఫిల్టర్ ఉన్న బైకుల్లో అది నిజంగా పెద్ద ఉపకారం, తొడిగే క్యాప్ రెంచీ అక్కర్లేదు, మామూలు పానా చాలు. ఆ నట్‌కి ఉన్న రంధ్రం లోంచి తీగ కట్టి, ఫిల్టర్ ఊడకుండా కట్టి ఉండాలనే రేస్ ట్రాక్ నిబంధనకి సరిపెట్టుకోవచ్చు కూడా. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, ఆ నట్ ఉన్నది విప్పడానికి, బిగించడానికి కాదు. దాంతో బలంగా బిగిస్తే గాస్కెట్ నలిగిపోతుంది, అతుకు మీద కూడా భారం పడుతుంది.

కడిగి మళ్ళీ వాడే స్టీల్ జాలీ ఫిల్టర్ దగ్గర మాత్రం నేను ఒప్పుకోను. చూడ్డానికి అద్భుతంగా ఉంటుంది, జీవితాంతం ఒకటే చాలు అంటారు, చెత్త తగ్గుతుంది అంటారు, ఆ మాట నిజమే. చల్లటి ఆయిల్ దాంట్లోంచి సులువుగా వెళ్తుంది, అదీ నిజమే. కానీ ఎందుకు సులువుగా వెళ్తుంది? రంధ్రాలు పెద్దవి కాబట్టి. వాటిని అమ్మేవాళ్ళే చెప్పే లెక్క దాదాపు 35 మైక్రాన్లు, అంతకంటే సన్నటి దుమ్మూ రజనూ దర్జాగా దాటిపోతాయి. మంచి పేపర్ ఫిల్టర్ లోతుగా, మందంగా ఉన్న పీచులో సన్నటివాటిని కూడా ఇరికించి పట్టేస్తుంది, జాలీ అయితే బియ్యం జల్లెడతో పిండి జల్లించినట్టే. పైగా ప్రతిసారీ పెట్రోల్‌లోనో సాల్వెంట్‌లోనో కడగాలి, కడిగేటప్పుడు మడతల్లో ఇరుక్కున్న రజను బయటికి పోయిందో శుభ్రమైన వైపుకి చేరిందో కంటికి తెలీదు, ఎక్కడైనా జాలీ చిరిగితే ఆ చిరుగు కూడా కనపడదు. రేసుకి రేసుకి ఇంజన్ ఆయిల్ మార్చేవాళ్ళు, ఏ ముక్క అరుగుతోందో వెంటనే చూసుకోవాలనుకునేవాళ్ళు వాడితే అర్థం ఉంది. రోజూ ఆఫీసుకి వెళ్ళి, ఒకే ఆయిల్‌తో కొన్ని వేల కిలోమీటర్లు తిరిగే బండికి మాత్రం వద్దు.

కారు ఫిల్టర్ బైక్‌కి బిగించేవాళ్ళు కూడా ఉన్నారు, ఎం20×1.5 (20 ఎంఎం వెడల్పు, 1.5 ఎంఎం మర దూరం) థ్రెడ్ కలిసింది, గాస్కెట్ కలిసింది, ఇంకేం అంటారు. థ్రెడ్ కలిస్తే బిగుసుకుంటుంది అంతే, లోపల బైపాస్ ఎంత ప్రెషర్‌కి తెరుచుకుంటుందో బయట నుంచి తెలీదు. డబ్బా పొడుగు ఎక్కువైతే వేడి సైలెన్సర్ పైపుకి తగలొచ్చు, లేదా ముందు చక్రం విసిరే రాళ్ళకి ఎదురుగా నిలబడొచ్చు. ఫిల్టర్ కంపెనీ తన పట్టికలో మీ బైక్ పేరు రాసి ఉంటేనే పెట్టండి, ఎవరో పెట్టారు ఏమీ కాలేదు అన్నది సరిపోదు.

ఇక పేరు లేని చవక ఫిల్టర్లు, అంతకంటే ఘోరమైనవి పెద్ద కంపెనీ పేరు మీద వచ్చే నకిలీలు. వీటికి ఏ పరిస్థితిలోనూ ఓటు వెయ్యను. కోసి చూస్తే మడతలు ఎడంగా, తక్కువ సంఖ్యలో ఉండడం, జిగురు సగం వరకే ఉండి పేపర్ చివర తేలిపోయి ఉండడం లాంటివి కనపడతాయి. జిగురు ఊడిన చోటు నుంచి ఆయిల్ వడకట్టకుండానే దాటిపోతుంది, ఇంజన్‌లో ఏ చప్పుడూ రాదు, ఏ లైటూ వెలగదు, మీకు ఎప్పటికీ తెలీదు. అందుకే దీన్ని ఇంతలా చెప్తున్నా. కొనేటప్పుడు ప్రింటింగ్ మసకగా ఉందా, నంబర్ అట్టపెట్టె మీదా ఫిల్టర్ మీదా ఒకటేనా, గాస్కెట్ గాడిలో సమంగా కూర్చుందా, థ్రెడ్ అంచుల్లో లోహపు పొరలు వేలాడుతున్నాయా చూడండి. తయారీదారు ఒప్పుకున్న డీలర్ దగ్గరే తీసుకుంటే సగం బెడద తగ్గుతుంది.

పైన చెప్పింది ఎక్కువగా తిప్పి బిగించే డబ్బా రకానికి. ఇంజన్ కవర్ లోపల పెట్టే కాగితపు గుళిక రకం ఉంటే ఇంకాస్త జాగ్రత్త, చాలావాటికి ఒక వైపు రంధ్రం ఇంకో వైపు మూత ఉంటుంది, తిరగేసి పెడితే ఆయిల్ దారే మూసుకుపోయి ఇంజన్ పట్టేసే ప్రమాదం ఉంది. బయటి కంపెనీ గుళిక కొంటే దాంతోపాటు ఓ-రింగులు (ఆయిల్ కారకుండా వేసే సన్న రబ్బర్ రింగులు) వచ్చాయా, పాతదాని పక్కన పెడితే ఎత్తు, రంధ్రం, చివరి రబ్బర్ ఒకేలా ఉన్నాయా అని ఖచ్చితంగా చూడండి, ఒక్క మిల్లీమీటర్ పొట్టిగా ఉన్నా పక్క నుంచి ఆయిల్ దొంగదారిలో పోతుంది. ఈ రకంలో కొలతల మీద నాకు ఇసుమంత అనుమానం వచ్చినా కంపెనీదే పెడతాను. చిన్న కమ్యూటర్ ఇంజన్లు కొన్నింటికి అసలు పేపర్ ఫిల్టరే ఉండదు, జాలీ, గిరగిరా తిప్పి మురికిని అంచుకి చేర్చే సెంట్రిఫ్యూగల్ ఫిల్టర్ అంతే, అలాంటి బండి ఉన్నవాళ్ళు ఈ చర్చ వదిలేసి ఆ రెండూ శుభ్రం చేయించుకుంటే చాలు.

బిగించేటప్పుడు పాత గాస్కెట్ ఇంజన్‌కే అతుక్కుని ఉండిపోయిందేమో వేలితో తడిమి చూడండి. దాని మీదే కొత్తది బిగిస్తే రెండు రబ్బర్లు కలిసి జారి ఆయిల్ వెనక టైరు మీదికి చిమ్ముతుంది, అది ప్రాణాల మీదికి వచ్చే విషయం. కొత్త గాస్కెట్‌కి కాస్త ఆయిల్ రాసి, మాన్యువల్ చెప్పినంతే బిగించండి, హోండా చాలా మోడళ్ళకి 26 న్యూటన్ మీటర్లు (బిగింపు బలానికి కొలత) చెప్తుంది, యమహా చాలావాటికి 17, కాబట్టి అందరికీ ఒకే లెక్క కాదు. స్టార్ట్ చేసి కాసేపు ఉంచి ఫిల్టర్ చుట్టూ కారుతోందా చూసి, ఇంజన్ ఆపి ఆయిల్ లెవెల్ మళ్ళీ చూసుకోండి, ఫిల్టర్ కొంత ఆయిల్ తాగేస్తుంది.

ఇంకా సందేహం తీరకపోతే విప్పిన పాత డబ్బాని పారెయ్యకుండా అంచు చుట్టూ రేకు కత్తెరతో కోయించండి, రంపం వద్దు, రంపపు పొడి లోపల పడి గందరగోళం చేస్తుంది. మడతలు విప్పి వెలుతురులో చూస్తే పేపర్ ఎక్కడైనా నలిగిందా, చిరిగిందా, జిగురు ఊడిందా తెలుస్తుంది, అయస్కాంతానికి అంటుకునే మెరుపులు ఇనుమువి, అంటుకోని మెరుపులు అల్యూమినియంవో, బేరింగ్ లోపలి పలచటి లోహపు షెల్‌వో కావొచ్చు. కొత్త ఇంజన్‌లో మొదటి సర్వీసుకి కొంచెం మెరుపు మామూలే, బాగా తిరిగిన ఇంజన్‌లో ముక్కలు కనపడితే మాత్రం ఏ ఫిల్టర్ అన్న ప్రశ్న పక్కన పెట్టి ఇంజన్ చూపించండి.