సోలరైజ్డా, గ్రువ్‌బాక్సా, డ్రాక్యులానా: టెర్మినల్‌కి ఏ రంగులు మేలు?

కొండాపూర్‌లో మా ఫ్లాట్‌ది పడమటి బాల్కనీ. ఏప్రిల్‌లో సాయంత్రం నాలుగయ్యేసరికి ఎండ తిన్నగా వచ్చి ల్యాప్‌టాప్ మీద కూర్చుంటుంది. కర్టెన్ వేస్తే గాలి ఆడదు, తీస్తే స్క్రీన్ మీద కోడ్ బదులు నా మొహం కనిపిస్తుంది. సోలరైజ్డ్, గ్రువ్‌బాక్స్, డ్రాక్యులా లాంటి థీమ్‌ల గురించి, అంటే అక్షరాలకీ బ్యాక్‌గ్రౌండ్‌కీ కలిపి కట్టిన రంగుల సెట్ల గురించి, నాకున్న అభిప్రాయాలన్నీ ఆ కుర్చీలో పుట్టినవే. రాత్రి ఏసీ గదిలో పనిచేసేవాళ్లకి ఇవి అచ్చంగా సరిపోకపోవచ్చు, ముందే చెప్తున్నా.

థీమ్ ఎంచుకునే ముందు ఒక తేడా తెలియాలి. టెర్మినల్ (కమాండ్లు టైపు చేసే విండో) రంగులు వేరు, ఎడిటర్ (కోడ్ రాసుకునే ప్రోగ్రాము) రంగులు వేరు. టెర్మినల్‌లో నడిచే ప్రోగ్రాములు చాలావరకు "ఎరుపు వెయ్యి", "పచ్చ వెయ్యి" అని నంబరు మాత్రమే చెప్తాయి. ఎనిమిది మామూలు రంగులు, ఎనిమిది బ్రైట్ రంగులు, మొత్తం 16. ఆ నంబరుకి ఏ ఎరుపు వేయాలో మీ టెర్మినల్ నిర్ణయిస్తుంది. అందుకే ఎస్‌ఎస్‌హెచ్‌లో (టెర్మినల్ నుంచే దూరంగా ఉన్న కంప్యూటర్‌లోకి వెళ్లే పద్ధతి) ఏ సర్వర్‌లోకి వెళ్లినా ఆ 16 రంగులు మీ వెంటే వస్తాయి. ఎడిటర్ థీమ్ అలా రాదు, అది ఇన్‌స్టాల్ చేసిన మెషీన్‌లోనే ఉంటుంది. కాబట్టి ముందు టెర్మినల్ సంగతి తేల్చుకుంటే సగం పని అయిపోయినట్టే.

సోలరైజ్డ్‌తో నేను నాలుగేళ్లు కాపురం చేశాను. 2011లో ఈథన్ స్కూనోవర్ చేసిన థీమ్ ఇది. ఎనిమిది బూడిద ఛాయలు, ఎనిమిది రంగులు. ముదురు రూపంలో ఉన్న లెక్కే లేత రూపంలో తిరగబడుతుంది. కాగితం మీద చూస్తే ఇంత పద్ధతిగా కట్టిన థీమ్ ఇంకోటి లేదు. చీకటి గదిలో కళ్లకి చల్లగానే ఉంటుంది. కానీ వెబ్ పేజీల్లో మామూలు అక్షరాలకి డబ్ల్యూసీఏజీ ప్రమాణం (వెబ్ పేజీలు అందరూ చదవగలిగేలా ఉండాలని పెట్టినది) అడిగే కాంట్రాస్ట్, అంటే అక్షరానికీ బ్యాక్‌గ్రౌండ్‌కీ మధ్య వెలుగు నిష్పత్తి, కనీసం 4.5, కచ్చితంగా కావాలంటే 7. సోలరైజ్డ్ ముదురు రూపంలో మామూలు అక్షరాలది దాదాపు 4.7, లేత రూపంలో 4.1, కామెంట్లది (కోడ్ మధ్యలో మనుషుల కోసం రాసుకునే వివరణలు) ముదురులో 2.8. నాలుగు గంటల ఎండలో ఆ కామెంట్లు ఉన్నాయో లేవో వేలితో తడిమి చూసుకోవాలి.

దానికంటే నన్ను బాగా ఏడిపించింది ఇంకోటి ఉంది. సోలరైజ్డ్‌లో బూడిద ఛాయలకి చోటు చాలక, బ్రైట్ రంగుల గదుల్లో కొన్నిటిని ఆ ఛాయలకే ఇచ్చేశారు. బ్రైట్ పచ్చ అడిగితే బూడిద వస్తుంది. బ్రైట్ నలుపు అడిగితే ఏకంగా బ్యాక్‌గ్రౌండ్ రంగే వస్తుంది. జెడ్‌ఎస్‌హెచ్‌లో (టెర్మినల్‌లో మన కమాండ్లు అందుకునే ప్రోగ్రాము) ఆటోసజెషన్స్ అనే ప్లగిన్ ఉంది కదా, కమాండ్ సగం కొట్టగానే మిగతాది లేత బూడిదలో చూపిస్తుంది. దాని డిఫాల్ట్ రంగు సరిగ్గా ఆ బ్రైట్ నలుపే. నేను ఆ ప్లగిన్ వేసుకున్న రోజు ఏమీ కనిపించలేదు. తీసేసి మళ్లీ వేశాను, వెర్షన్ మార్చాను, ఆఫీసు ల్యాప్‌టాప్ కదా, ఏదో బ్లాక్ చేశారేమో అని అనుమానపడ్డాను. మధ్యాహ్నం భోజనం దాకా అదే పని. చివరికి పొరపాటున కుడి బాణం కీ నొక్కితే కమాండ్ మొత్తం వచ్చి పడింది. ప్లగిన్ పొద్దున్నుంచీ పనిచేస్తూనే ఉంది, బ్యాక్‌గ్రౌండ్ రంగు మీద అదే రంగుతో రాస్తూ.

ఆ తర్వాత గ్రువ్‌బాక్స్‌కి మారాను. విమ్ అనే ఎడిటర్ కోసం పావెల్ పెర్ట్‌సెవ్ చేసిన థీమ్ ఇది. బొగ్గు రంగు మీద పాత పుస్తకం కాగితం రంగు అక్షరాలు, చుట్టూ నారింజ, ఆవపిండి పసుపు. మామూలు అక్షరాల కాంట్రాస్ట్ పదిన్నర దాటుతుంది, అయినా తెల్లగా పొడుచుకు రాదు. ఎండకి తట్టుకుంటుంది. హార్డ్, మీడియం, సాఫ్ట్ అని బ్యాక్‌గ్రౌండ్‌లో మూడు రకాలున్నాయి, పగలు హార్డ్ పెట్టుకోండి.

అలాగని ఇందులో లోపం లేదనుకోవద్దు. టెర్మినల్‌కి ఇచ్చిన మామూలు ఎరుపు మరీ ముదురు. గిట్ డిఫ్‌లో, అంటే కోడ్‌లో ఏం మారిందో చూపించే జాబితాలో, తీసేసిన లైన్లు వచ్చేది ఆ ఎరుపులోనే. కాంట్రాస్ట్ 2.7. ఈ ఒక్క విషయంలో సోలరైజ్డ్ ఎరుపే కాస్త నయం, 3.2 ఉంటుంది. మందు సులువే. గ్రువ్‌బాక్స్‌లోనే ఉన్న బ్రైట్ ఎరుపు విలువని కాపీ చేసి మామూలు ఎరుపు గదిలో పెట్టండి, 4.3కి వస్తుంది. నేను మార్చిన రంగు అదొక్కటే.

డ్రాక్యులా గురించి ఎక్కువ చెప్పను. 2013లో జెనో రోచా మొదలుపెట్టిన థీమ్. ఊదా, గులాబీ, మెరిసే పచ్చ, చూస్తే సంగీత్ ఫంక్షన్ స్టేజ్ లైటింగ్ గుర్తొస్తుంది. కాంట్రాస్ట్ పదమూడు పైన, ఎరుపు కూడా 4.5 ఉంటుంది, కాబట్టి డిఫ్ చదవడానికి ఈ మూడింట్లో ఇదే బాగుంటుంది. కామెంట్లు మాత్రం 3 దగ్గరే ఆగిపోయాయి. రోజుకి ఎనిమిది గంటలు ఆ గులాబీ రంగు చూడటం నా వల్ల కాలేదు. చూడగలిగినవాళ్లకి నా అభ్యంతరమేమీ లేదు.

ఎడిటర్ దగ్గరికొస్తే పగటిపూట నల్ల థీమే వద్దంటాను. ఈ మాట అంటే టీమ్‌లో పిల్లలు నన్ను వింతగా చూస్తారు. తెల్లటి స్క్రీన్ చూసినప్పుడు కంటిపాప చిన్నదై అక్షరం అంచులు పదునుగా కనిపిస్తాయి. నల్ల స్క్రీన్ ముందు కంటిపాప పెద్దదవుతుంది. కళ్లజోడులో సిలిండర్ పవర్ ఉన్నవాళ్లకి తెల్ల అక్షరాల చుట్టూ మసక కాంతి కనిపించడం మామూలే. నాకు రెండు కళ్లకీ సిలిండర్ ఉంది. బ్యాటరీ ఆదా అవుతుందని నల్ల థీమ్ పెట్టుకునేవాళ్లు తమది ఓఎల్‌ఈడీ స్క్రీన్ అవునో కాదో ఒకసారి చూసుకోవాలి. ఎల్‌సీడీ అయితే వెనక లైటు ఎలాగూ వెలుగుతూనే ఉంటుంది.

లేత థీమ్‌లలో నాకు నచ్చింది మోడస్ ఒపెరాండి, ప్రొటెసిలావోస్ స్టావ్రూ చేసినది. ఈమాక్స్ అనే ఎడిటర్‌లో 28వ వెర్షన్ నుంచి లోపలే వస్తుంది. కామెంట్లతో సహా కాంట్రాస్ట్ 7కి తగ్గకూడదన్న నియమం పెట్టుకుని కట్టారు. అందం అడగకండి, గవర్నమెంటు ఫారంలా ఉంటుంది. దాని విలువ నాకు మాదాపూర్‌లో ఒక మీటింగ్ రూమ్‌లో తెలిసింది. ప్రొజెక్టర్ మీద గ్రువ్‌బాక్స్ పెట్టి డిఫ్ చూపిస్తున్నాను. వెనక వరసలోంచి ఒక కుర్రాడు, "అన్నా, ఏది తీసేశావ్, ఏది పెట్టావ్? నాకు రెండూ ఒకేలా ఉన్నాయ్" అన్నాడు. ప్రొజెక్టర్ వెలిసిపోయిందేమో అనుకున్నాను. చాయ్ దగ్గర చెప్పాడు, అతనికి ఎరుపు, పచ్చ తేడా సరిగ్గా తెలియదట. చేరి రెండేళ్లయింది, ఆ రోజు దాకా ఎవరికీ చెప్పలేదు. ప్లస్, మైనస్ గుర్తులు చూసి నెట్టుకొస్తున్నాడు. మోడస్‌లో అలాంటివాళ్ల కోసం విడిగా రకాలున్నాయి, ఎరుపు–పచ్చ జంటకి బదులు పసుపు–నీలం వాడతాయి. ఈమాక్స్ వాడనివాళ్లు గిట్ సెట్టింగుల్లోనే డిఫ్ రంగులు మార్చుకోవచ్చు, రెండు నిమిషాల పని. అతని మెషీన్‌లో అదే చేశాం.

కాబట్టి నా ఏర్పాటు ఇది: టెర్మినల్‌లో ఎరుపు మార్చిన గ్రువ్‌బాక్స్, ఎడిటర్‌లో పగలు మోడస్, దీపాలు పెట్టాక గ్రువ్‌బాక్స్. మీరు ఏది ఎంచుకున్నా స్క్రీన్‌షాట్ చూసి ఎంచుకోకండి. మీ గదిలో ఎండ బాగా పడే వేళకి ఒక పెద్ద గిట్ డిఫ్, కామెంట్లు ఎక్కువున్న ఒక ఫైలు తెరిచి, బ్రైట్‌నెస్ సగానికి దించి పది నిమిషాలు చదవండి. కామెంట్లు తెలుగులో రాసేవాళ్లయితే ఇంకొంచెం కాంట్రాస్ట్ ఎక్కువున్నదే తీసుకోండి. మన ఒత్తులు, గుణింతాలు సన్నటి గీతలు, లేత బూడిదలో అవే ముందు మాయమవుతాయి. ఇక కొన్ని టెర్మినళ్లలో ఒత్తు అక్షరం కింద కాకుండా పక్క గడిలో పడటం అంటారా, అది ఫాంటూ టెర్మినలూ తేల్చుకోవాల్సిన గొడవ. ఏ థీమూ దాన్ని బాగు చేయదు.