బ్రాడీపేట పాలిటీ క్లాసులు: సార్‌కి ఐదు స్టార్లు, మెటీరియల్‌కి ఒకటి

ముందే చెప్పేస్తున్నా, సెంటర్ పేరు రాయడం లేదు. తిట్టేది కాస్త ఎక్కువే ఉంది, పైగా ఆ పాలిటీ (రాజ్యాంగం, పరిపాలన) సార్ ఇంకా అక్కడే చెప్తున్నారు, నా వల్ల ఆయనకి ఇబ్బంది ఎందుకు. గుంటూరు బ్రాడీపేటలో ఎన్నో లైను, ఎన్నో అడ్డరోడ్డు అని చెప్తే ఎవరైనా పట్టేస్తారు కాబట్టి అదీ చెప్పను.

నేను చేరింది గ్రూప్-2 ఉద్యోగ పరీక్ష కోసం, ఆదివారం బ్యాచ్‌లో. పార్లమెంటు, రాష్ట్ర శాసనసభ, ఈ రెండు టాపిక్కులే ఎనిమిది వారాలు, ఫీజు 3,500, టెస్టులకి ఇంకో 800. తెనాలి నుంచి పొద్దున్నే రైలెక్కి వచ్చేదాన్ని. "పార్లమెంటు గురించి ఎనిమిది వారాలు చెప్పడానికి ఏముంటుందే" అని అమ్మ మొదటి రోజే అడిగింది. నిజం చెప్పాలంటే నాకూ అదే అనుమానం, లోక్‌సభ ఐదేళ్లు, రాజ్యసభలో రెండేళ్లకోసారి మూడోవంతు మంది రిటైరవుతారు, కోరం (సభ నడవడానికి ఉండాల్సిన కనీస సభ్యులు) పదోవంతు, ఇవన్నీ బట్టీ పట్టేసిన దాన్నే కదా.

మొదటి క్లాసులో సార్ బోర్డు మీద నాలుగు తేదీలు రాశారు. 2014 జనవరి 30, ఫిబ్రవరి 18, ఫిబ్రవరి 20, మార్చి 1. ఇంకేం రాయలేదు. వెనక బెంచీలో రేపల్లె అబ్బాయి వెంటనే "విభజన బిల్లు సార్" అన్నాడు. అంతే, మూడు ఆదివారాలు ఆ ఒక్క బిల్లు మీదే నడిచింది.

మన ప్రాంతం వాళ్లకి ఇంతకంటే బాగా పట్టే ఉదాహరణ ఇంకోటి ఉండదు. జనవరి 30న మన అసెంబ్లీ బిల్లుని తిరస్కరిస్తూ మూజువాణి ఓటుతో (లెక్కపెట్టకుండా, నోటితో అవును, కాదు అనిపించి) తీర్మానం చేసింది, అయినా బిల్లు ఆగలేదు, ఎందుకు ఆగలేదు అనే ప్రశ్న దగ్గర సార్ అరగంట ఎవరినీ వదల్లేదు. ఆర్టికల్ 3 ప్రకారం రాష్ట్రపతి ఆ బిల్లుని రాష్ట్ర శాసనసభకి పంపేది అభిప్రాయం కోసమే, అనుమతి కోసం కాదు. నేను ఈ వాక్యం పుస్తకంలో పదిసార్లు చదివాను, కానీ అభిప్రాయానికీ అనుమతికీ మధ్య ఎంత దూరం ఉందో ఆ రోజే అర్థమైంది. తర్వాత ఆర్టికల్ 4. రాష్ట్రాన్ని రెండు చేసినా దాన్ని 368 కింద రాజ్యాంగ సవరణగా లెక్కించరు, మామూలు మెజారిటీ చాలు. అదే 2023లో మహిళా రిజర్వేషన్ బిల్లుకైతే సభ మొత్తం సభ్యుల్లో సగానికి పైగా, హాజరై ఓటేసిన వాళ్లలో మూడింట రెండు వంతులు కావాలి, లోక్‌సభలో 454 మంది అవునన్నారు, ఇద్దరు కాదన్నారు. ఈ రెండు బిల్లుల్ని పక్కపక్కన పెట్టి చెప్పాక మెజారిటీ రకాలు మళ్లీ మర్చిపోలేదు.

మూడు పఠనాలు, అంటే సభలో బిల్లు దాటే మూడు దశలు కూడా అలాగే చెప్పారు. మొదటిది ప్రవేశపెట్టడం, మామూలుగా చర్చ ఉండదు. అసలు పని రెండోదాంట్లో, ముందు సూత్రాల మీద చర్చ, కావాలంటే కమిటీకి పంపడం, తర్వాత ఒక్కో క్లాజు తీసుకుని సవరణలు. మూడోదాంట్లో మొత్తంగా బిల్లు కావాలా వద్దా అనే మాటే. పుస్తకంలో ఇది ఎంత చక్కగా ఉంటుందో, 2014 ఫిబ్రవరి 13న ఏమైందో చూడండి అన్నారు. అది అప్పటి విజయవాడ ఎంపీ లగడపాటి రాజగోపాల్ సభలో పెప్పర్ స్ప్రే కొట్టిన రోజు, ఆ గొడవలోనే బిల్లు ప్రవేశపెట్టారు, ఆ రోజు సస్పెన్షన్లు పడింది లోక్‌సభ నియమాల్లోని 374ఎ కింద. ఫిబ్రవరి 18న ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయి ఉండగా లోక్‌సభలో బిల్లు పాసైంది, అదీ మూజువాణి ఓటుతోనే. బోర్డు మీద మిగిలిన రెండు తేదీల్లో 20 రాజ్యసభది, మార్చి 1 రాష్ట్రపతి సంతకానిది. మన అసెంబ్లీ వద్దన్న పద్ధతీ, లోక్‌సభ సరేనన్న పద్ధతీ ఒకటే అని సార్ అన్నప్పుడు క్లాసులో ఎవరూ నవ్వలేదు. మా నాన్న ఆ రోజు టీవీ ముందు కూర్చుని ఛానళ్లు మారుస్తూనే ఉన్నాడు, నాకది గుర్తొచ్చింది.

ద్రవ్య బిల్లుల (పన్నులు, ప్రభుత్వ ఖర్చుల లాంటివి) క్లాసు కూడా బాగుంది, కాకపోతే కాస్త పరుగు పెట్టించారు. రాజ్యసభకి 14 రోజులు, సిఫార్సులు చేయొచ్చు, లోక్‌సభ తీసుకోకపోయినా అడిగేవాడు లేడు, ద్రవ్య బిల్లా కాదా అన్నది స్పీకర్ మాట. "రాజ్యసభ పెళ్లికొచ్చిన చుట్టం లాంటిది, మర్యాద చేస్తారు గానీ ముహూర్తం మార్చరు" అన్నారు. 2016లో ఆధార్ బిల్లుకి రాజ్యసభ చెప్పిన సవరణల్ని లోక్‌సభ పక్కన పెట్టేయడం దీనికి ఉదాహరణ. శాఖలవారీగా బిల్లుల్ని పరిశీలించే ఎంపీల కమిటీలు, అదే స్థాయీ సంఘాలకి మాత్రం పావుగంటే ఇచ్చారు. 24 ఉంటాయి, ఒక్కోదాంట్లో 31 మంది, ఇంతే. అసలు పని జరిగేది అక్కడే అని ఆయనే అంటారు, మళ్లీ ఆయనే దాటేస్తారు!

ఇక తిట్లు. మెటీరియల్ ఎవరు తయారు చేశారో గానీ 2014 తర్వాత ఆ ఫైలు ఎవరూ తెరవలేదనుకుంటా. ఆంధ్రప్రదేశ్‌కి లోక్‌సభ సీట్లు 42, రాజ్యసభ 18 అని ఉంది. మూడు ఆదివారాలు విభజన బిల్లు చెప్పించుకుని ఇంటికెళ్లి పుస్తకం తెరిస్తే ఇంకా విభజనే జరగలేదు! ఇప్పుడు 25, 11 అని చిన్నపిల్లలకీ తెలుసు. లోక్‌సభలో ఆంగ్లో ఇండియన్లు ఇద్దరు నామినేటెడ్, సభ గరిష్ఠ సంఖ్య 552 అని కూడా ఉంది, 104వ సవరణతో 2020 జనవరిలోనే ఆ నామినేషన్ పోయింది. పార్టీ ఫిరాయింపుల దగ్గర, పార్టీ సభ్యుల్లో మూడోవంతు మంది చీలితే అనర్హత లేదని రాశారు, అది 2003లో 91వ సవరణతో తీసేశారు. నెగటివ్ మార్కులున్న పరీక్షకి ఇలాంటి పుస్తకం ఇస్తారా?

టెస్టు కీ (జవాబుల పట్టిక) ఇంకో కథ. ఒక బిల్లు మీద రెండు సభలకీ కుదరనప్పుడు పెట్టే ఉభయసభల సంయుక్త సమావేశానికి అధ్యక్షత ఎవరు అంటే కీలో ఉపరాష్ట్రపతి అని ఉంది. స్పీకర్ కదండీ అని ఆఫీసులో అడిగితే "కీ ఫైనలమ్మా" అన్నారు కౌంటర్లో కూర్చున్నాయన. సార్ దగ్గరికి తీసుకెళ్లా. ఆయన కీ చూసి తల పట్టుకుని, తర్వాతి క్లాసులో దాన్నే పాఠం చేశారు. ఇప్పటిదాకా అలాంటి సమావేశాలు మూడే, 1961లో వరకట్న నిషేధం, 1978లో బ్యాంకింగ్ సర్వీస్ కమిషన్ రద్దు, 2002లో ఉగ్రవాద నిరోధక చట్టం పోటా. ఆ మూడోదానికి స్పీకర్ లేరు. స్పీకర్‌గా ఉన్న మన బాలయోగి గారు ఆ మార్చి 3న హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు, 26న సమావేశాన్ని డిప్యూటీ స్పీకర్ పి.ఎం. సయీద్ నడిపారు. స్పీకర్ లేకపోయినా ఉపరాష్ట్రపతి దాకా వెళ్లదు అని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి. నా రెండు మార్కులు మాత్రం ఇంకా కలపలేదు.

గది గురించి రెండు ముక్కలు. ఏసీ ఉంది, రిమోట్ ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. బండి పెట్టుకోవడానికి చోటు లేదు. కింద బండి మీద మిరపకాయ బజ్జీ బాగుంటుంది, దానికి ఫీజుతో సంబంధం లేదనుకోండి.

చేరాలనుకునేవాళ్లు క్లాసుకి మాత్రం చేరండి, 800 కట్టి టెస్టులు తీసుకోవద్దు. మెటీరియల్ ఎలాగూ చేతిలో పెడతారు, నా కాపీలో తప్పులన్నీ ఎర్ర పెన్నుతో దిద్ది పెట్టుకున్నా, ఇప్పుడు కొత్త బ్యాచ్ వాళ్లు దాన్నే జిరాక్స్ తీయించుకుంటున్నారు, పక్క సందులో పేజీ రూపాయిన్నర.