లైల్ లవెట్ ‘స్టెప్ ఇన్‌సైడ్ దిస్ హౌస్’: ఏళ్ల తరబడి విన్నాక
సొంత పాటలతో పేరు తెచ్చుకున్న గాయకుడు రెండు సీడీల నిండా వేరేవాళ్ల పాటలే పాడటం అరుదు. 1998లో అమెరికన్ గాయకుడు లైల్ లవెట్ ఈ ఆల్బమ్‌తో ఆ పని చేశాడు. 21 పాటల్లో దాదాపు అన్నీ తన సొంత రాష్ట్రం టెక్సాస్ రచయితలవే. కుర్రతనంలో వీళ్ల పాటలు పాడుతూనే అతను పాట కట్టడం నేర్చుకున్నాడు. ఏళ్లుగా వింటున్నాను, ఎక్కువగా హ్యూస్టన్ నుంచి డాలస్ వెళ్లేటప్పుడు కారులో. ఇప్పటికీ పాతబడలేదు.

లవెట్ ఎక్కడా తన గొంతు గొప్ప చూపించుకోడు. ప్రతి మాటా స్పష్టంగా వినిపించాలి, రాసినవాడు మనకు గుర్తుండాలి, అదే అతని పట్టింపు. టైటిల్ పాట గై క్లార్క్ తొలి రోజుల్లో రాసింది. ఇంటికొచ్చిన మనిషికి గోడ మీది బొమ్మ, కవితల పుస్తకం, గిటార్ చూపిస్తూ ఒక్కోదాని కథ చెప్పే పాట. ఆ బొమ్మ, పది డాలర్లు బాకీ పడ్డ స్నేహితుడు ఇచ్చింది. ఆ వివరం ఎన్నిసార్లు విన్నా నాకు ముచ్చటేస్తుంది.

ఆల్బమ్‌కి ప్రాణం మాత్రం స్టీవెన్ ఫ్రామ్‌హోల్జ్ ‘టెక్సాస్ ట్రిలజీ’. టెక్సాస్‌లోని బాస్కీ కౌంటీ మీద వరసగా మూడు పాటలు: పల్లె తెల్లవారడం, రైలు, పెళ్లి చేసుకుని పశువులతో బతుకుతూ కరువు పాలైన జంట. మాది అనంతపురం జిల్లా. ఆ మూడో పాట వస్తే కారులో ఎవరున్నా మాటలు ఆపమంటాను.

ఈ ఆల్బమ్‌లో పాటలున్న రచయితల్లో వాల్టర్ హయట్ 1996లో విమాన ప్రమాదంలో పోయాడు. టౌన్స్ వాన్ జాండ్ట్ 1997 జనవరి 1న పోయాడు. ఆ తర్వాత కొద్దికాలానికే వచ్చిన ఆల్బమ్ ఇది. హయట్ రాసిన ‘బేబ్స్ ఇన్ ది వుడ్స్’ అంత మెత్తగా పాడటంలో ఆ బాధ ఉందనే నాకనిపిస్తుంది.

లోటు లేకపోలేదు. ‘లంగ్స్’ పాటలో వాన్ జాండ్ట్ గొంతులోని గరుకు, ఊపిరాడని ఆత్రం ఇక్కడ నున్నగా అయిపోయాయి. రెండో సీడీలో నెమ్మది పాటలు ఎక్కువ. రెండూ ఒకే బిగిన వినకండి.

కొత్తగా వినేవాళ్లు ట్రిలజీతో మొదలుపెట్టండి. నచ్చితే ఫ్రామ్‌హోల్జ్ ఇంకొకరితో జంటగా ‘ఫ్రమాక్స్’ పేరుతో పాడిన 1969 ఆల్బమ్ వెతకండి. ఆ మూడు పాటలూ మొదట అందులోనే వచ్చాయి.